చీర కొంగు చెప్పిన పాఠం

ఆర్మూర్‌లో ఒక ఇంగ్లిష్ మీడియం బడికి టీచర్ కావాలని బోర్డు చూసినప్పటి నుంచి నా కాళ్లు నేల మీద నిలవలేదు. మా అమ్మ పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర కూలికి వెళ్లేది. సీజన్ వచ్చిందంటే ఆ పసుపు దుమ్ముకు ఆమెకు ఆయాసమే. నాకు ఈ నౌకరి వస్తే అమ్మను మాన్పించాలి. అంతే, ఇంకో ఆలోచన లేదు.

ఇంటర్వ్యూకి ముందురోజు నాకున్న ఒకే ఒక్క మంచి చీర, తెల్లది, ఉతికి వాకిట్లో ఆరేశాను. పాలిష్ రోజుల్లో మా వాడలో ఎవరూ తెల్లబట్ట బయట ఆరేయరు. సంబరంలో నాకది గుర్తే లేదు. పొద్దున చూస్తే కొంగంతా పసుపు! నా మీద నాకే ఒళ్లు మండింది. చేసేదేం లేక అదే కట్టుకుని పోయాను.

బడిలో ప్రిన్సిపాల్ మేడం నన్ను ఐదో తరగతిలోకి పంపి, తాను వెనక బెంచీలో కూర్చుంది. సరౌండింగ్స్‌కీ ఎన్విరాన్‌మెంట్‌కీ తేడా పిల్లలకు చెప్పమంది. బట్టీ పట్టిందంతా గడగడా అప్పజెప్పాను. పిల్లలు ఆవులించారు. ఇక నౌకరి పోయినట్టే అనుకున్నాను. అంతలో ముందు వరసలోని పాప నా కొంగు చూసి అడిగింది.

"టీచర్, మీ ఇంటికాడ డ్రమ్ము నడుస్తుందా?"

సిగ్గుపడాల్సింది పోయి, పాఠం చెప్పే దారి దొరికిందని ఎగిరి గంతేయాలనిపించింది! కొంగు పట్టుకుని చూపిస్తూ మా వాడ మాటల్లోనే మొదలుపెట్టాను.

"నడుస్తది! మా ఇంటి సుట్టు డ్రమ్ము ఉంది, పసుపు కుప్పలున్నయ్, రోడ్డుంది. గవన్నీ సరౌండింగ్స్. గా దుమ్ము గాలిల కలిసి నా చీరకు పట్టింది, మా అమ్మకు ఆయాసం, దమ్ము తెచ్చింది. మనం బతికే గాలి, నీళ్లు, ఎండ, మనల్ని గిట్ల మార్చేటియి అన్నీ కలిస్తే ఎన్విరాన్‌మెంట్!"

"మా నాయిన దుబాయిల ఎండకు నల్లగయిండు. గది గూడ ఎన్విరాన్‌మెంటేనా టీచర్?" అని ఒకడు లేచాడు.

"గదే!" అని బల్ల గుద్దాను. తరగతంతా తలా ఒకటి చెప్పడం మొదలుపెట్టింది. మేడం నవ్వుతూ లేచి, సోమవారం నుంచి రమ్మంది.

ఆటో కోసం కూడా ఆగకుండా డ్రమ్ము దగ్గరికి ఉరికాను. ఆ చప్పుడులో నా అరుపు వినబడక, అమ్మ ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగి దగ్గరికొచ్చింది.

"ఏమైంది బిడ్డా?"

"నౌకరి వచ్చిందమ్మా! పా ఇంటికి. ఇగ నువ్వు గీడికి రావద్దు."

అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చెంపలు నిమిరి, గుడ్డ మళ్లీ ముక్కు మీదికి లాక్కుంది.

"గీ ఒక్క డ్రమ్ము అయిపోనీ బిడ్డా. సగంల ఇడిసిపెట్టి ఎట్ల వస్త?"

కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది. అది అయ్యేదాకా నేనూ అక్కడే నిలబడి దగ్గుతూ ఉన్నాను.