సాలూరు మావ బొట్లూ, నా వాల్వూ

ఆ రోజుల్లో కోపం తెచ్చుకోవడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. అరవైల చివర్లో విజయనగరంలో ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబులో తాత్కాలిక డిమాన్‌స్ట్రేటర్ని. రేడియో వాల్వులాంటిది ఒకటి సొంతంగా చేసి చూపిస్తే ఉద్యోగం ఖాయం చేయిస్తానని మా మాస్టారు మాటిచ్చారు. వాల్వంటే గాలి తీసేసిన గాజు బుడ్డి. లోపల ఒక తీగ, దాని చుట్టూ నికెల్ రేకు. (ఆ రేకుకు మడి ఎక్కువ. చెయ్యి తగిలితే చాలు, చర్మం మీది జిడ్డు వేడికి ఆవిరై మొత్తం వాల్వునే పాడుచేస్తుంది.) అందుకే దాన్ని మూడు రోజులు కడిగి, ఉడికించి, పట్టకారుతో ఎత్తి మూత డబ్బాలో దాచాను.

ఇంతలో దసరా వచ్చింది. మా అటెండర్ని అందరూ సాలూరు మావ అనేవారు. వెనకటికి లారీ క్లీనరుగా చేసిన మనిషి, ఆయుధపూజ అంటే పూనకమే. సెలవులయ్యాక తలుపు తీద్దును కదా, గాలి లాగే పంపుకు పసుపు, మీటరుకు కుంకుమ, నా డబ్బాకు మూడు బొట్లు! ఒళ్లు మండిపోయింది. మావని పిలిచి, డబ్బా తెరిచి, రేకు తీసి ఆయన మొహం ముందు ఊపుతూ, శుభ్రత అంటే ఏమిటో తెలుసా అని పావుగంట వాయించాను. ఆయన ఏదో చెప్పబోతే నోరు మూయించాను. రేకు మీద కుంకుమ లేదు కదా అని అలాగే బుడ్డిలో బిగించేశాను.

మాస్టారి ముందు స్విచ్చి వేస్తే మీటరు ముల్లు కాస్త లేచి చతికిలబడింది. బుడ్డి నిండా నీలం వెలుగు, అంటే లోపల ఏదో ఆవిరై వాల్వు పాడైనట్టే. ఇంకేముంది, పక్కనే ఉన్న మావని చూపించి, ఈయన బొట్లే నా కొంప ముంచాయి, ఈయన్ని పంపించేస్తే గానీ ఈ ల్యాబులో పనిచెయ్యనని తెగేసి చెప్పాను. మాస్టారు బుడ్డి పగలగొట్టి రేకు బయటికి తీశారు. దాని మీద గోధుమరంగులో మాడిన బొటనవేలి ముద్ర. మాస్టారు మావ వంక చూశారు.

“నాను డబ్బా మీదే బొట్టెట్టినాను బావూ,” అన్నాడు మావ నాతో. “రేకు మీరే సేత్తో పట్టుకొని నా మొకం మీద ఊపినారు. సెప్దామంటే మీరు సెప్పనిస్తేనా?”

మళ్లీ మూడు రోజులు కడిగాను. రెండో వాల్వు భేషుగ్గా పనిచేసింది గానీ, అప్పటికి ఆ ఖాళీలో వేరేవాడు చేరిపోయాడు. మావ మీద నాకిప్పటికీ కోపమే. అంత పెద్దవాడు, నా నోరు నొక్కయినా ఆ ముక్క చెప్పొద్దూ! చెప్తే వినే రకమేనా మీరు, అంటుంది మా ఆవిడ. ఆ మాటకూ కోపం తెచ్చుకుందామనే చూస్తాను. ఈ మధ్య ఎందుకో నవ్వొచ్చేస్తోంది.