భుజం మీద పడిన పాల లెక్క

నాకు ఇరవై ఏడేళ్ల వయసులో మొదటి బిడ్డ పుట్టాడు. అప్పుడు నేను రామన్నపేట తహసీలు కచేరీలో గుమాస్తాను. కచేరీ ఆవరణలో ఒక వానమాపకం ఉండేది. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు దాని మూత తీసి, లోపలి సీసాలో చేరిన నీటిని కొలిచి, అంగుళంలో నూరో వంతు వరకు రిజిష్టరులో రాయడం నా విధుల్లో ఒకటి. మా ప్రాంతపు వానల సంగతి తెలిసిన వారికి ఈ పని ఎంత తేలికో చెప్పనక్కరలేదు. బిడ్డ పుట్టిన ఆ వేసవిలో నేను వరుసగా అరవై మూడు రోజులు సున్నాలు వేశాను. మధ్యలో ఒక్కరోజు సీసాలో రెండు నూరో వంతుల నీరు కనిపించింది గాని, చప్రాసీ దాని పక్కన నిలబడి ముఖం కడుక్కున్నాడని విచారణలో తేలడంతో మళ్లీ సున్నాయే వేయవలసి వచ్చింది.

అందువల్ల ఇంట్లో కురవడం మొదలైనప్పుడు రాయకుండా ఉండడం నా వల్ల కాలేదు.

బిడ్డ పాలు కక్కేవాడు. తాగిన వెంటనే కక్కేవాడు, తాగిన అరగంటకు కక్కేవాడు, ఒక్కోసారి తాగుతూనే కాస్త ఆగి, మర్యాదగా మా వైపు చూసి, ఆ తరువాత కక్కేవాడు. పుట్టిన పన్నెండో రోజున నేను ఒక నోటుపుస్తకంలో అయిదు గడులు గీశాను. తేది, వేళ, పాలు తాగిన తరువాత గడిచిన నిమిషాలు, పరిమాణం, పడిన స్థలం. పరిమాణానికి వానల భాషనే వాడాను: తుంపర, జల్లు, భారీ. ఈ మూడింటికీ హద్దులు నిర్ణయించడానికి ఒక పూట పట్టింది. చేతిరుమాలు ఒక మూల మాత్రమే తడిస్తే తుంపర. సగం తడిస్తే జల్లు. రుమాలును పిండవలసి వస్తే భారీ.

ఊళ్లో దవాఖాన ఉన్నదన్న ధైర్యంతో పురుడు మా ఇంట్లోనే జరిగింది. మా అత్తగారు తన ఊరు వదిలి మా ఇంటికి వచ్చి ఉన్నారు. అల్లుడితో ముఖాముఖి మాట్లాడడం ఆమె పద్ధతి కాదు. పెళ్లయిన నాలుగేళ్లలో నాతో చెప్పదలచినదంతా తలుపు రెక్కతోనో, స్తంభంతోనో చెప్పేవారు. బిడ్డ పుట్టాక ఆమెకు ఆ పనికి తగిన మనిషి దొరికాడు. నేను పక్కన కూర్చుని ఉండగానే, ఒళ్లోని పన్నెండు రోజుల బిడ్డను ఉద్దేశించి, మీ నాయిన అన్నం తిన్నడా, మీ నాయిన సబ్బు తెచ్చిండా అని అడిగేవారు. నేను కూడా బిడ్డతోనే జవాబు చెప్పేవాణ్ని. వాడు ఇరుపక్షాలనూ విని మధ్యలో ఒక జల్లు కురిపించేవాడు.

ఇక మా పొరుగింటి ఖాలా, అంటే ఉర్దూలో పిన్నమ్మ. ఆమె భర్త దర్జీ. పిల్లలు పెద్దవారై వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ పట్టలేదు. అందరికీ ఆమె ఖాలాయే. నా భార్యకు నొప్పులు మొదలైన రోజు మంత్రసానిని వెంటబెట్టుకొని వచ్చిందీ, నీళ్లు కాచిందీ, కంగారులో కచేరీ రిజిష్టరు చంకన పెట్టుకొని వాకిట్లో తిరుగుతున్న నన్ను కూర్చోబెట్టిందీ ఆమే. ఆ తరువాత రోజుకు మూడు నాలుగుసార్లు వచ్చి, బిడ్డ పాలు తాగగానే అందుకొని, భుజాన వేసుకొని, వీపు నిమురుతూ వాకిట్లో అటూ ఇటూ నడిచేది.

పుస్తకం మొదలుపెట్టి తొమ్మిది రోజులు నిండాక, అంటే బిడ్డ పుట్టిన ఇరవయ్యో రోజు సాయంత్రం, నేను మొత్తాలు వేశాను. అన్నీ కలిపి నలభై ఒకటి. వాటిలో అత్తగారి మీద ఆరు, నా భార్య మీద అయిదు, నా మీద మూడు, బిడ్డను చూడవచ్చి టోపీని ఒళ్లో పెట్టుకున్న మా కచేరీ పేష్కారు గారి టోపీలో ఒకటి. మిగిలిన ఇరవై ఆరూ ఖాలా భుజం మీద. మొత్తాలు సరిపోయినందుకు కలిగిన సంతోషంతో దాన్ని పైకి చదివాను. నా జీవితంలో పైకి చదవకుండా ఉండవలసిన పట్టిక అదొక్కటే.

అత్తగారు బిడ్డ వైపు వంగారు.

“ఓ కొడుకా, గా ఇరవై ఆరు ఎవలి మీద పడ్డయో మీ నాయినను ఇంకోపారి సదువుమను.”

చదివాను.

“సూసినవా? ఆమె ఎత్తుకుంటేనే కక్కుతాండు. ఎంత సక్కగున్నడో, ఎంత సక్కగున్నడో అని దినాం అనుడాయె. పసిపానం, దిష్టి తాకకుంటే ఏమైతది?”

దిష్టి అన్న మాట ఆమెది. అంకె మాత్రం నాది. అంకె లేకపోతే ఆ మాట పుట్టేదే కాదు. ఆ సాయంత్రమే ఉప్పూ మిరపకాయలూ బిడ్డ చుట్టూ తిప్పి పొయ్యిలో వేశారు. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదికీ దగ్గు ముంచుకొచ్చింది. బిడ్డ కూడా దగ్గి, ఆ తొమ్మిది రోజుల్లో లేనంత భారీగా కక్కాడు. అది దిష్టి దిగిపోవడమని అత్తగారు నిర్ణయించారు.

మరునాడు ఖాలా వచ్చినప్పుడు బిడ్డ పడుకున్నాడని చెప్పారు. మధ్యాహ్నం వచ్చినప్పుడు స్నానమన్నారు. మూడోసారి వచ్చినప్పుడు ఏమీ చెప్పలేదు, తలుపు గడియపెట్టి ఉన్నది. లోపల బిడ్డ ఏడుపు వినిపిస్తూనే ఉండగా ఆమె కాసేపు గడప బయట నిలబడి వెళ్లిపోయింది. నాలుగోసారి రాలేదు.

ఆ సంగతి తెలిసి నా భార్య నాతో ఎక్కువ మాట్లాడలేదు. “ఆమె మల్ల మనింటికి రాకుంటే, మీ లెక్కల పుస్తకం పొయ్యిల వెడ్త,” అని మాత్రం అన్నది. ఆమె అన్న మాట జరిపించే మనిషి. అయినా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది పుస్తకం గురించిన భయం కాదు. పురుడు పోసిన రోజు మా కోసం పరుగెత్తిన మనిషి మీద నేను సరైన కూడికతో తప్పుడు తీర్పు చేయించానేమో అన్న అనుమానం.

అయితే పట్టిక మాత్రం అత్తగారి పక్షానే నిలబడింది. ఖాలా రాని మూడు రోజుల్లో నమోదైనవి నాలుగే. నేను తల గోక్కున్నాను. అత్తగారు బిడ్డతో, మీ నాయిన పుస్తకం అబద్ధమాడదు కొడుకా అన్నారు. బిడ్డ మాత్రం ఆ ఆనందంలో పాలుపంచుకోలేదు. పాలు తాగిన తరువాత మోకాళ్లు పొట్టలోకి ముడుచుకొని, ముఖం కందగడ్డ చేసుకొని ఏడ్చేవాడు. అంతకు ముందు అట్లా ఏడ్చేవాడు కాదు.

మూడో రోజు సాయంత్రం నా భార్య నన్ను పెరట్లోకి పిలిచి దండెం చూపించింది. దాని మీద ఉయ్యాల గుడ్డలు ఆరుతున్నాయి.

“గివి లెక్కవెట్టిన్రా?”

లెక్కపెట్టాను. పదకొండు. ఆ ఒక్కరోజువే. అన్నీ పాలతో తడిసి, నేను కచేరీలో ఉన్నప్పుడు ఉతికి ఆరేసినవే. తాగించగానే ఉయ్యాలలో పడుకోబెడుతున్నారనీ, పాలు చెంప మీదుగా చెవి దాకా కారుతున్నాయనీ ఆమె చెప్పింది. నా పట్టికలో పడిన స్థలమన్న గడిలో నేను మనుషుల పేర్లు మాత్రమే రాస్తూ వచ్చాను. ఎవరి మీదా పడనిది నా దృష్టిలో కురవనే లేదు. వానమాపకం మీద పడని వానను ఊళ్లో పడలేదని రాసినట్టు.

మరునాడు బిడ్డనూ పుస్తకాన్నీ తీసుకొని ఇద్దరం దవాఖానకు వెళ్లాము. డాక్టరు పెద్దాయన. ముందు బిడ్డను తూచాడు, పొట్ట నొక్కి చూశాడు. ఈ ఈడుకు బరువు బాగానే ఉన్నాడన్నాడు. మూత్రంతో రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుతున్నాడని అడిగితే నా భార్య పది దాకా అన్నది. కక్కినది పచ్చగా గాని, నెత్తురు జీరతో గాని వచ్చిందా అని అడిగాడు. లేదన్నాము. జోరుగా ఎగిరి దూరం పడుతుందా అని అడిగాడు. నా దగ్గర దానికీ జవాబు ఉన్నది: గరిష్ఠ దూరం ఒక జానెడు. ఆయన కళ్లజోడు తీసి నన్ను కొంతసేపు చూసి, పుస్తకం ఇటిమ్మన్నాడు.

అది వాంతి కాదనీ, నిండిన కుండ తొణకడమనీ, బిడ్డ కూర్చునే ఈడు వచ్చేసరికి చాలావరకు తగ్గుతుందనీ చెప్పాడు. ఒకేసారి కడుపు పగిలేలా పట్టకుండా కొంచెం కొంచెంగా పట్టమన్నాడు. తాగాక కాసేపు నిలువుగా ఎత్తుకొని తేన్పు తెప్పించమన్నాడు. పచ్చగా కక్కినా, జోరుగా కక్కినా, పాలు మానినా, డీలా పడినా ఆ క్షణమే తీసుకురమ్మన్నాడు. ఆ తరువాత పుటలు తిప్పుతూ ఇరవై ఆరు దగ్గర వేలు ఆపి ఈమె ఎవరని అడిగాడు. పొరుగింటామె అని చెప్పాను. ఎప్పుడెప్పుడు ఎత్తుకుంటుందన్నాడు. నిమిషాల గడి చూపించాను. ఇరవై ఆరింటిలో ఇరవై నాలుగు, పాలు తాగిన పది నిమిషాల లోపలే.

“ఇంత పెద్ద పట్టికల పని తెలిసిన మనిషి గామె ఒక్కతే,” అన్నాడు డాక్టరు. “జర ఆమెను బతిమిలాడుకోండ్రి.”

నేరుగా ఖాలా ఇంటికి వెళ్లాను. ఆమె గుండీలు కుడుతూ కూర్చున్నది. జరిగినదంతా వరుసగా, తేదీలతో సహా చెప్పి, నా తప్పు ఒప్పుకొని, పట్టిక ముందు పెట్టాను.

“ఇరవై ఆరేనా బేటా?” అన్నది. “నేను ముప్పై అనుకున్న.”

నేను కచేరీలో ఉన్నప్పటివి సాయంత్రం అడిగి రాసుకోవడంలో నాలుగు తప్పిపోయి ఉంటాయని ఒప్పుకున్నాను. ఆమె దారం కొరికి, పసిబిడ్డ పొట్టలో పాలతోపాటు గాలి కూడా చేరుతుందనీ, ఆ గాలి బయటికి వస్తూ ఒట్టి చేతులతో రాదనీ, కాసిని పాలను వెంటబెట్టుకొని వస్తుందనీ, అది తన భుజం మీద పడితే బిడ్డకు హాయి, ఉయ్యాలలో పడితే చెవులకు స్నానం అనీ చెప్పింది. అందుకే రోజూ అదే పాత చీర కట్టుకొని వచ్చేదట.

రమ్మని అడిగాను. ఆమె సూది పక్కన పెట్టింది.

“నాకు కోపం లేదు. గని గడియ వెట్టింది నువ్వు గాదు గద బేటా. వెట్టినోళ్లే తియ్యాలె.”

ఇంటికి వచ్చి బిడ్డను ఎదురుగా పెట్టుకొని, వాడితో డాక్టరు మాటలన్నీ చెప్పాను. దండెం మీది పదకొండు చెప్పాను. పది నిమిషాల గడి చదివాను. అత్తగారు వత్తులు చేస్తూ విన్నారు. చేసిన వత్తులనే మళ్లీ విప్పి చేశారు. 

మరునాటి ఉదయం బిడ్డ పాలు తాగి, మోకాళ్లు ముడిచి ఏడుపు అందుకున్నాడు. నేను ఎత్తుకొని వీపు తట్టాను. ఎనిమిది నిమిషాలు తట్టినా తేన్పు రాలేదు. నా భార్య తట్టింది. రాలేదు. అత్తగారు లేచి, నా భార్య చేతుల్లోంచి బిడ్డను తీసుకొని, వాకిలి దాటి, వీధిలో చెప్పులు లేకుండా నడిచి, ఖాలా గడప ముందు నిలబడ్డారు. మేమిద్దరం వెనకాలే వెళ్లాము.

“అక్కా,” అన్నారు అత్తగారు, బిడ్డతో కాదు, నేరుగా. “మాకు చాతనైతలేదు. జర నువ్వు పట్టు.”

ఖాలా పండుగ చీరలో ఉన్నది. ఎవరి ఇంటికో పెళ్లికి బయలుదేరుతున్నట్టున్నది. బిడ్డను అందుకొని భుజాన వేసుకొని, కింది నుంచి పైకి రెండుసార్లు నిమిరింది. తేన్పు వచ్చింది. వీధి చివరి దాకా వినిపించేంతటి తేన్పు. దాని వెంటే భారీగా, జరీ అంచు మీదుగా, నడుము దాకా పాలు.

వెంటనే బిడ్డ ఏడుపు ఆపేశాడు.  అత్తగారు తన చీర కొంగును రెండు మడతలు వేసి, ఖాలా భుజం దగ్గర మొదలుపెట్టి, నడుము దాకా నెమ్మదిగా, ఒక్క మరకా మిగలకుండా తుడిచారు.