అవ్వ ఫ్యానుకు తగిలిన దిష్టి

ఆ రోజుల్లోనే ఇది రాసి ఉండేదాన్ని, రాయడం వచ్చి ఉంటే. మా ఊళ్లో ఆడపిల్లల్ని బడికి పంపేవాళ్లు కాదు. పెళ్లయ్యాక పిల్లలు, పాడి ఎనుములతోనే సరిపోయింది. ముసలితనంలో మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకుని ఇప్పుడు రాస్తున్నాను (వరుస వంకరపోతే మన్నించండి, చెయ్యి పాతది, రాత కొత్తది).

అప్పుడు మేము బేతంచెర్లలో ఉండేవాళ్లం. మా ఆయన బండల వ్యాపారం చేసే ఒక సావుకారు దగ్గర డ్రైవరు. సావుకారు తల్లిని అందరం అవ్వ అనేవాళ్లం. ఆమెకు ఉడుకు పడదు. కర్నూలు డాక్టరు దగ్గరికి పోయి రావాలి కాబట్టి ఆ పాత కారులో ఆమె ఎదురుగా ఒక చిన్న ఫ్యాను బిగించారు. బిగించిన రోజే అవ్వ దానికి దిష్టి తగలకూడదని నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి ఫ్యాను ఇనప కాలుకు కట్టించింది. దారమైతే గతుకులకు తెగుతుందని ఇనప తీగెకే గుచ్చించింది. నీళ్ల చెంబు పట్టుకుని పక్కన కూచోవడం నా పని. ఊరు దాటీ దాటకముందే ఫ్యూజు (గాజు గొట్టంలో వెంట్రుకంత తీగె) కాలిపోయేది. కొత్తది వేసి దండ కట్టాక కాసేపటికే అదీ పోయేది. ఇక కర్నూలు దాకా నేను విసనకర్రతో విసరాలి. కాలినప్పుడల్లా దిష్టి ముదిరిందని అవ్వ ఇంకా పెద్ద దండ కట్టించేది.

కర్నూలులో కార్ల మేస్త్రీ విప్పి చూస్తే ఏ లోపమూ కనిపించేది కాదు. "ఫ్యాను బాగుండాది, నీ చెయ్యే బాగలేదప్పా" అని మా ఆయన్ని ఆటపట్టించేవాడు. ఇంటికొచ్చాక ఆ మాట విన్న సావుకారు మాత్రం నవ్వలేదు. "ఏమప్పా, ఈ తూరి మా అమ్మ ఉడుక్కి సొమ్మసిల్లిందంటే ఇంకో డ్రైవర్ని చూసుకుంటా" అన్నాడు. ఆ పూట మా ఆయన అన్నం సరిగా తినలేదు.

తర్వాతి ప్రయాణంలోనూ ఫ్యాను ఆగింది. మా ఆయన ఎప్పటిలాగే, మసి చేతులు తగలకూడదని దండ విప్పి నా ఒళ్లో పెట్టి, కొత్త ఫ్యూజు వేశాడు. ఈసారి దండ తిరిగి కట్టడం మరిచాడు. కారు కదిలింది. దండ నా ఒళ్లోనే ఉంది, గాలి వస్తూనే ఉంది. అవ్వ కునుకు తీసి, చాలా దూరం పోయాక లేచి, "పిల్లా, దాన్ని కట్టల్యాదేమి?" అంది. కట్టాను. ఒక్క గతుకు పడగానే తీగె కొస ఊగి ఫ్యాను వెనక వైరు మొనకు తగిలింది. చిటుక్కుమని మెరిసి ఫ్యాను ఆగిపోయింది. మేస్త్రీ చూసేటప్పుడు కూడా దండ విప్పి పక్కన పెట్టేవాళ్లమని అప్పుడు గుర్తొచ్చింది. కానీ దిష్టి తీసే దండే ఫ్యూజును కాలుస్తోందని అవ్వతో ఎట్లా చెప్పేది?

"అవ్వా, దిష్టి వచ్చేది బయటినుంచి కదా. లోపల కడితే, అది లోపలికి వచ్చినాక కదా అడ్డం పడేది?" అన్నాను.

అవ్వ దండను, కారు ముందు అద్దాన్ని మార్చి మార్చి చూసింది. "అబ్బీ, ఈ పిల్లకుండే తెలివి నీకు ల్యాకపాయ. కారు ముందర కట్టుపో" అంది. మా ఆయన నా వైపు చూడకుండా, నవ్వు మింగుకుంటూ కట్టి, ఫ్యూజు మార్చాడు. కర్నూలు పోయి వచ్చేదాకా ఫ్యాను ఆగలేదు. ఇంటికొచ్చాక అవ్వ కొడుకుతో, "దిష్టి యాడుండాదో నేనే కనిపెట్టినా. డ్రైవర్ని ఏమనాకు" అంది.

మరుసటి రోజు పొద్దున, కారు కడుగుతున్న మా ఆయనకు చెంబులో అంబలి తీసుకుపోయాను. "అవ్వ ఇంకా లేయలేదు, రా" అని నన్ను ఆమె చోట కూచోబెట్టి ఫ్యాను వేశాడు. అన్నాళ్లూ పక్కనే ఉన్నా ఆ గాలి నా మొహానికి తగలడం అదే మొదలు. చెంబు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, అవ్వలాగా కర్నూలు దాకా పోయి వచ్చాను. కారు మాత్రం కదలలేదు.