ఏలియా ఎక్కని బండి

ఆన్షెల్‌కు ఒక్క కథ కూడా సరిగ్గా చెప్పడం రాదు. విచిత్రమేమిటంటే అతని పనే కథలు. యూదుల పాత కథలన్నీ పోగుచేసి, బండివాడు మొదలు పాలమ్మే ఆవిడ దాకా అందరూ చదువుకునేలా పుస్తకం వేస్తానని వార్సా నగరం నుంచి జురోవ్కా అనే చిన్న ఊరికి వచ్చి, రొట్టెల బట్టీ పక్క గదిలో అద్దెకు దిగాడు.

బట్టీ నడిపే పెస్యాకు మొదటిరోజే తల తిరిగింది.

“పెస్యమ్మా, మీ ఊరి పిసినారి చచ్చాక స్వర్గానికి పోయాడట కదా?”

“వాడా? స్వర్గానికా? ఎవడు చెప్పాడండీ మీకు? గుమ్మంలోంచే తరిమేశారు!” అంటూ పెస్యా పిండి చేతులతోనే కథంతా చెప్పేసింది. అతను బుద్ధిమంతుడిలా రాసుకున్నాడు.

మర్నాడు మరో ఘోరం. అతని కథలో మతగురువు రబ్బీగారే, మాంసంతో పాలు కలపరాదన్న నియమం మరిచి, మాంసం పులుసులో మీగడ కలుపుకున్నారు. ఆ తర్వాతి కథలో ప్రాయశ్చిత్త ఉపవాసం నాడే పెళ్లి విందు జరిగింది. రొట్టెలకు వచ్చినవాళ్లు ముందు చెవులు మూసుకుని, తర్వాత నోళ్లు తెరిచి, ఒకరి మీద ఒకరు పడి దిద్దేవారు. శుక్రవారం పొద్దు వాలగానే మొదలయ్యే సబ్బాతు విశ్రాంతి దినాన రాయకూడదు కనుక, ఆన్షెల్ ఆ పూట విన్న కథ ఒలికిపోకుండా నోరు బిగించుకుని, శనివారం చుక్కలు పొడిచేదాకా ఎవరు పలకరించినా తల మాత్రమే ఊపేవాడు.

“చదువుకున్నవాడే పాపం, బుర్రలోనే గుజ్జు లేదు,” అని ఊరంతా జాలిపడింది.

పెస్యాకు అంతకంటే పెద్ద దిగులుంది. ఆమె అత్తగారు ద్వోస్యా. చలికాలంలో ఆడవాళ్లు పరుపులకు బాతు ఈకలు ఒలిచేటప్పుడు ఆవిడ కథ ఎత్తుకుంటే అందరి చేతులూ ఆగిపోయేవి. అలాంటి మనిషి, మామగారు లైజర్ పోయిన దగ్గర్నుంచీ పొయ్యి వెనక బల్ల మీద గోడవైపు తిరిగి పడుకుంది. మాట లేదు. రెండు చెంచాల పులుసు తాగించాలంటే గంట బతిమాలాలి. ఇలాగైతే ఈవిడా దక్కదని పెస్యా భయం.

ఒక శుక్రవారం, ఇరుగుపొరుగు ఆడవాళ్లు మర్నాటి సబ్బాతు భోజనపు కుండలు బట్టీలో పెట్టి వెళ్లాక, ఆన్షెల్ పొయ్యి దగ్గర చతికిలబడి గట్టిగా మొదలెట్టాడు.

“ఏలియా ప్రవక్త బీద విధవ ఇంటికి వచ్చిన కథ తెలుసా పెస్యమ్మా? సబ్బాతు మధ్యాహ్నం, దర్జాగా గుర్రబ్బండెక్కి...”

పెస్యా గిరుక్కున తిరిగింది. అది అత్తగారు ఎప్పుడూ చెప్పే కథ. ఆపండి అనబోయింది.

“బండా!” పొయ్యి వెనక బొంగురు గొంతు లేచింది. “సబ్బాతు నాడు ఏలియా బండెక్కుతాడా? ఎవడ్రా ఆ పాపాత్ముడు?”

“నేనేనమ్మా. ఎక్కలేదా మరి?”

“శుక్రవారం వచ్చాడు! నడిచి వచ్చాడు! కాళ్లనిండా బురద!” ద్వోస్యా లేచి కూర్చుంది. “సబ్బాతు దీపాలకు కొవ్వొత్తులు కొనే దారిలేక ఆ తల్లి ఏడుస్తోంది...”

కథ సాగింది. బట్టీలో రొట్టెలు మాడుతున్నా పెస్యా కదల్లేదు. ఉన్నట్టుండి ముసలావిడ ఆగింది.

“ఆవిడ కప్పుకున్న శాలువా... ఏ రంగో... గుర్తు రావడం లేదు.”

“ఆకుపచ్చ,” అన్నాడు ఆన్షెల్. అని నాలుక కరుచుకున్నాడు.

“దొరికావు!” ద్వోస్యా కళ్లు మెరిశాయి. “ఊరందరికీ నేను నీలమనే చెప్పాను. ఆకుపచ్చ అనేవాడు లోకంలో ఒక్కడే. మా ఆయన నీకీ కథ ఎప్పుడు చెప్పాడు?”

ఆన్షెల్ చెవులు ఎర్రబడ్డాయి. “పోయినేడు సంతలో. మొత్తం చెప్పి, ‘మా ఆవిడ నోట వినాలయ్యా, రా’ అన్నారు. వచ్చేసరికి ఆయన లేరు. మీరేమో మాట్లాడడం లేదు.”

“అయితే మిగతా కథలూ మీకు తెలుసా?” అంది పెస్యా.

“చాలావరకు తెలుసు. సరిగ్గా చెబితే జనం తలూపి వెళ్లిపోతారు పెస్యమ్మా. తప్పు చెబితే కూర్చుని అసలు కథ చెబుతారు.”

పెస్యా బట్టీ తెరిచింది. “మీ కడుపు చల్లగుండ,” అంటూ మాడని రొట్టెల్లో పెద్దది ఏరి అతని ఒళ్లో పెట్టింది. ద్వోస్యా పులుసు గిన్నె తనే లాక్కుంది.

ఆన్షెల్ పెన్సిల్ తీశాడు. “మరి పుస్తకంలో ఏ రంగు వెయ్యను?”

ముసలావిడ చెంచా నోట్లో పెట్టుకుని ఆలోచించింది.

“ఆకుపచ్చే వెయ్యి. జీవితమంతా ఆయన్ని దిద్దాను, ఒక్కసారైనా నెగ్గనీ. తొందరగా రాయి నాయనా, పొద్దు వాలుతోంది!”