క్లచ్ లేని డంపరు, మా బావ ఎడమకాలు

లారీ డ్రైవరు గొప్పతనాన్ని అతని ఎడమకాలితో కొలిచే కాలం ఒకటి ఉండేది. క్లచ్ ఎంత మెత్తగా తొక్కుతాడు, లోడు బండిని ఎత్తు మీద గేరు మారుస్తూ ఎలా లాగుతాడు, అదే అతని చదువు, అదే అతని పరువు. గాజువాకలో టీకొట్టు దగ్గర నలుగురు డ్రైవర్లు చేరితే పిల్లల పెళ్లిళ్ల కంటే గేర్ల గురించే ఎక్కువ మాట్లాడుకునేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అక్కడే ఒక రవాణా షెడ్డులో పనిచేసేవాణ్ణి. పోర్టులో దిగిన బొగ్గును ఫ్యాక్టరీల యార్డులకు చేర్చడం మా షెడ్డు పని. ఏ బండి ఎందుకు ఆగింది, మళ్లీ ఎప్పుడు కదిలింది అని చూసుకోవడం నా పని. ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయినా లెక్కల మీద మోజు మాత్రం ఆగలేదు. ఎవరూ అడగకపోయినా సరాసరులు తీసి చెప్పేవాణ్ణి. (టీకొట్టతను నన్ను చూడగానే గ్లాసు చేతిలో పెట్టి పక్కకు తప్పుకునేవాడు.) అందరూ నన్ను ‘లెక్కలబ్బాయి’ అని పిలిచేవారు. అది పొగడ్తేనని చాలాకాలం అనుకున్నాను.

మా అప్ప (అక్కను మావైపు అలాగే అంటాం) భర్త, అంటే మా బావ, అదే షెడ్డులో డ్రైవరు. బరువు బండ్లు నడిపీ నడిపీ ఆయన ఎడమ మోకాలు పాడైంది. డాక్టరు ఆ మోకాలిని అటూ ఇటూ వంచి చూసి, ఇక క్లచ్ తొక్కితే నడవడం కూడా కష్టమవుతుందన్నాడు. క్లచ్ తొక్కలేని డ్రైవరుకు మా షెడ్డులో మిగిలేది గేటు దగ్గర కుర్చీ ఒక్కటే. బావ గేటు దాటేటప్పుడల్లా ఆ కుర్చీ కనబడకుండా అవతలి వైపు మొహం తిప్పుకునేవాడు. సరిగ్గా ఆ సమయంలోనే మా ఓనరుగారు, ఎక్కడో డ్యాము పని ముగిసిన చోట వేలం వేస్తుంటే, రాళ్లూ మట్టీ మోసే ఒక డంపరు కొనుక్కొచ్చారు. పసుపు రంగు, ఇల్లంత ఎత్తు. లోపలికి తొంగిచూస్తే కాళ్లకింద రెండే పెడళ్లు. క్లచ్ లేదు. గేర్లు తనంతట తనే మార్చుకుంటుందట.

“ఇదేటి బాబూ, సగం బండి తెచ్చారు? మిగతా సగం రేపొస్తదా?” అన్నాడు మా హెడ్ మెకానిక్. (ఆయన్ని అందరం స్పానరు మావ అనేవాళ్లం. అన్నం తినేటప్పుడు కూడా ఒక స్పానరు పక్కన ఉండాల్సిందే.) డ్రైవర్లు పడిపడి నవ్వారు. బావ ఒక్కడే నవ్వకుండా, క్లచ్ ఉండవలసిన ఆ ఖాళీ జాగా వంక చాలాసేపు చూశాడు.

ఆ రోజు నుంచి షెడ్డు రెండు పార్టీలైంది. “మామూలు గేరుబాక్సు పోతే గాజువాకలో ఏ సందులోకి తోసినా బాగుసేసి పంపుతారు. ఈ ఆటోమేటిక్కు పోతే దేవుడు దిగి రావాల” అని స్పానరు మావ వాదన. బావకు ఆ బండి దక్కాలన్నది నా కోరిక కాబట్టి, రెండో పార్టీలో చాలావరకు నేనే ఉండేవాణ్ణి. ఓనరుగారు నన్ను పిలిచి ఏది గట్టిదని అడిగారు. అంత పెద్దాయన నన్ను లెక్క అడగడం అదే మొదలు. గొంతు సవరించుకుని, మామూలు గేర్ల బండి తరచూ ఆగుతుంది గాని త్వరగా లేస్తుందనీ, ఆటోమేటిక్ అరుదుగా ఆగుతుంది గాని ఒకసారి ఆగితే త్వరగా లేవదనీ, ఆగినన్ని సార్లను ఆగిన కాలంతో హెచ్చవేసి, పోసిన నూనె శుభ్రతనుబట్టి అందులోంచి కొంత తీసేసి…

“ఒరే బాబూ, ఒక్క ముక్క సెప్పు. ఏది గట్టిది?”

“రెండూ ఇంచుమించు సమానమేనండి.”

“ఈ మాటకా నా టీ సల్లారబెట్టీసేవు!” అని ఆయన లేచారు. “రేపు నానే ఎక్కి సూస్తాను. నచ్చితే ఉంటది. లేపోతే దువ్వాడలో బేరగాడున్నాడు, సాయంత్రానికి ఇచ్చీడమే.”

మర్నాడు పొద్దున్న చక్రాలకింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బావను ఎక్కించారు. పక్కన ఓనరుగారు, మధ్యలో ఇరుక్కుని నేను. నిమ్మకాయలు చక్కగా నలిగాయి. బండి వెన్నలా కదిలింది. ఇంజను చప్పుడు పెరిగింది. గేరు మార్చే వేళైందని బావ చెవి చెప్పింది. చెవి చెబితే ఎడమకాలు ఊరుకుంటుందా? క్లచ్ అనుకుని దబ్బున తొక్కింది. అక్కడ ఉన్నది వెడల్పాటి బ్రేకు. అంత బండీ నిలువునా ఆగిపోయింది. ఓనరుగారి కుంకుమబొట్టు ముందు అద్దానికి అంటుకుంది.

“తప్పయిపోనాది బాబూ” అని బావ మళ్లీ కదిలించాడు. మళ్లీ చప్పుడు పెరిగింది. మళ్లీ దబ్బు. ఈసారి నా ముక్కు. యార్డు చుట్టూ తిరిగి వచ్చేసరికి జనమంతా గోడ దగ్గర చేరి, మేము ఆగినప్పుడల్లా చప్పట్లు కొడుతున్నారు. “బండి తప్పు గాదు బావా, నీ కాలికి సెప్పు!” అని ఎవరో అరిచారు. “సెప్తన్నాను, యినట్లేదు!” అని బావ లోపలి నుంచి అరిచాడు. ఓనరుగారు దిగి, నుదురు తడుముకుని, “అన్నాలయ్యాక బొగ్గు లోడుతో యార్డు ఎనకున్న ఆ ఎత్తు మెట్టెక్కించు. మళ్లీ ఇలాగే ఐతే, నువ్వు గేటుకి, ఇది దువ్వాడకి” అన్నారు.

అప్పుడే మా అప్ప క్యారేజీ పట్టుకుని వచ్చింది. సంగతంతా నేనే చెప్పాను. ఎడమకాలు తప్పుగా లేచే అవకాశం ఎంతో లెక్కగట్టి కూడా చెప్పాను. “నీ లెక్కలు కాసేపు ఆపు తమ్ముడా” అని ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఆ ఇల్లంత బండి ఎక్కింది. క్యారేజీని తీసుకెళ్లి, బావ ఎడమకాలు వచ్చిపడే చోట, బ్రేకు పక్కన నేలమీద పెట్టేసింది.

“అన్నం, సేపల పులుసు. కాలు తగిలిందో, కళ్లు పోతాయి. మెట్టెక్కించి, పైన తిను.”

“ఓసి నీ… ఆకలేత్తందే!”

“ఐతే బేగి ఎక్కించు.”

అప్ప దిగింది. బొగ్గు ఎత్తాక బావ స్టీరింగు ముందు కూర్చున్నాడు, పక్కన మళ్లీ ఓనరుగారు, నేను. అన్నానికి కాలు తగలకూడదని ఎడమకాలు అంతదూరం వెనక్కి లాగి, సీటుకింద దాచేశాడు. ముందు స్పానరు మావ, పోటీకన్నట్టు, తన ప్రాణమైన మామూలు గేర్ల లారీని తనే నడుపుతూ, ఒక్కో గేరునూ కచేరీ చేస్తున్నట్టు మారుస్తూ ఎక్కించాడు. (నిజం చెప్పాలి, చాలా అందంగా ఎక్కించాడు.) వెనక మేము. ఇంజను చప్పుడు పెరిగింది. నేను సీటు అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఏమీ కాలేదు. ఏదో చిన్న కదలిక, గేరు దానంతట అదే మారింది. పులుసు వాసన వేస్తోంది, బావ ఎడమ తొడ వణుకుతోంది, కాలు మాత్రం సీటుకిందే ఉంది. పైకి చేరేదాకా ఓనరుగారు అద్దం వైపు చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నారు. ఆ అవసరం రాలేదు.

పైన ఆగగానే బావ ముందున్న మీటర్ల మధ్య ఎర్రదీపం వెలిగింది. గేరుబాక్సులో నూనె వేడెక్కింది, చల్లారేదాకా కదలకూడదు. స్పానరు మావ పరిగెత్తుకొచ్చాడు. “సూసారా బాబూ! మెట్టెక్కేసరికి ఆయాసం! ఇదేం బండి?”

ఓనరుగారు చాలా భారీ మనిషి. క్యాబిను మెట్లు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తీసుకుని అన్నారు, “నాకూ మెట్టెక్కితే ఆయాసమే. నన్నూ అమ్మీసుకుంటావేటి?”

అంతే, డంపరు మా షెడ్డులో ఉండిపోయింది. నూనె చల్లారేలోపు బావ దాని నీడలో కూర్చుని అన్నం తిన్నాడు. స్పానరు మావకు కూడా పెట్టాడు. ఆయన ముళ్లు తీసుకుంటూ, ఆ నూనె ఎప్పుడెప్పుడు మార్చాలో నన్నే అడిగాడు. తర్వాత దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నదీ ఆయనే. పని మానుకునే వయసు వచ్చేదాకా బావ ఆ బండిమీదే ఉన్నాడు, గేటు దగ్గర కుర్చీలో ఒక్కపూట కూడా కూర్చోలేదు.

ఇప్పుడు ఏది గట్టిదని అడిగితే చాలా మంచి జవాబు చెప్పగలను. అడిగేవాళ్లే లేరు. అచ్యుతాపురం వైపు వెళ్లే కుర్రడ్రైవర్లు ఏ బండి ఇస్తే ఆ బండి ఎక్కి పోతున్నారు. సాయంత్రాలు గాజువాక జంక్షన్‌లో బస్సు కోసం నిలబడతాను. పచ్చదీపం పడగానే లారీలు ఒక్కొక్కటే కదులుతాయి. ఒకటో గేరు, రెండో గేరు, మూడో గేరు అని చప్పుడునుబట్టి లోలోపల లెక్కపెట్టుకుంటాను. ఎప్పుడైనా ఒక పెద్ద బండి ఎక్కడా విరగని ఒకే చప్పుడుతో సాగిపోతే, లోపల ఎవరిదో మోకాలు హాయిగా ఉందనిపించి, అది కనుమరుగయ్యేదాకా చూస్తూ ఉండిపోతాను. ఈలోపు నా వెనక నుంచి నా బస్సు వెళ్లిపోతుంది.