డార్లింగ్ అన్న ముసలాయన

ఆదోని పత్తి మార్కెట్ దగ్గర, ఒక మందుల షాపు మేడమీద పదేళ్ళు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పాను. పత్తి సీజన్ వస్తే కిటికీ తెరవడానికి ఉండేది కాదు. లారీల మీంచి ఎగిరిన దూది బోర్డు మీదా, పిల్లల తలల మీదా వాలేది. ఇప్పుడా గదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఆ దారిన పోయినప్పుడల్లా తలెత్తి చూస్తాను. ప్రాణం ఉసూరుమంటుంది.

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి పిల్లలకు మొదటిరోజే తెలిసిపోయేది. వాళ్ళకేమో అన్నా, అక్కా, అప్పా లేకుండా నోట్లోంచి మాట రాదు. "ఇంగ్లీషులో అన్నను ఏమని పిలవాల మేడం?" అని అడిగేవాళ్ళు. "ఏమనీ పిలవొద్దు. సార్, మేడం, అంతే" అనేదాన్ని. ఒకరోజు డియర్, హనీ, డార్లింగ్ అని బోర్డు మీద రాసి చుట్టూ గీత గీశాను. ఇవి మొగుడూ పెళ్ళాల మాటలు, ఇంకెవరైనా అంటే ఫోన్ పెట్టేయండి అని చెప్పాను. అంత ధీమాగా ఎట్లా చెప్పానో గానీ, అప్పటిదాకా నేను తెల్లవాళ్ళను సినిమాల్లో తప్ప చూసి ఎరగను.

ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల ఒకతె ఉండేది. వాళ్ళ నాయన మగ్గం నేస్తాడు. ఆయనకు చూపు మసకబారింది. తెగిన పోగు కనబడక వేళ్ళతో తడుముకుని అతుకుతున్నాడని ఒకసారి చెప్పింది. తనకు ఉద్యోగం వస్తే ఆయన్ను మగ్గం మీంచి దింపాలని ఆ పిల్ల పట్టుదల. ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టుకుంది. విదేశాల్లో హోటల్ గదులు బుక్ చేసుకునేవాళ్ళతో ఫోన్లో మాట్లాడే పని. ఇంట్లోంచే చేయొచ్చు. అన్ని పరీక్షలూ గట్టెక్కింది. చివరగా నిజం కస్టమర్‌తో ఒక్క కాల్ మాట్లాడాలి, అంతే. ఇంట్లో మగ్గం చప్పుడని నా గదిలో, క్లాసు ముందే, నా ల్యాప్‌టాప్ మీద ఏర్పాటు చేసుకున్నాం.

ఫోన్ చేసింది ఇంగ్లండ్ ముసలాయన. భార్య ఆసుపత్రిలో ఉందట, దగ్గర్లో గది కావాలన్నాడు. పిల్ల తడబడకుండా చక్కగా మాట్లాడుతోంది. నా కడుపు నిండిపోయింది. ఇంతలో ఆయన "థాంక్యూ, డార్లింగ్" అన్నాడు. పిల్ల ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. రెండోసారి అన్నాడు. మూడోసారి అనేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి చాచి కాల్ కట్ చేసి పారేశాను. "ఇట్లాంటోళ్ళతో పడి తెచ్చుకునే ఉద్యోగం మనకొద్దు" అన్నాను. క్లాసంతా నన్ను మెచ్చుకుంటున్నట్టు చూసింది. నాకూ గర్వంగానే అనిపించింది.

మర్నాడు క్లాసులో ఉండగా కంపెనీ ఆయన ఆ పిల్లకు ఫోన్ చేశాడు. నేనూ వినాలని స్పీకర్ పెట్టింది. ఆయన కోప్పడలేదు. ఆ ముసలాయన ఊళ్ళో అందరి పిలుపూ అట్లాగే ఉంటుందట. టీకొట్టు ఆమెనూ, బస్సులో టికెట్టు కొట్టే ఆమెనూ డార్లింగ్ అనే అంటారట. పాపం, ఆ అమ్మాయి మనసు నొప్పించానేమోనని ముసలాయనే మళ్ళీ కంపెనీకి ఫోన్ చేసి అడిగాడట.

అప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. ఉరుకుంద దగ్గర మా ఊళ్ళో అరుగు మీద కూర్చోబెట్టుకుని నాకు జడ వేసేది. "కదలొద్దే ముండా" అనేది. ఆ మాటలో ఎంత ముద్దుందో నా నెత్తికి తెలుసు. అవ్వ నన్ను పేరు పెట్టి పిలిచిందంటేనే గుండె గుభేలుమనేది, ఏదో తప్పు చేసి దొరికిపోయానని. దారిన పోయే పరాయివాడు ఆ "ముండా" వింటే అవ్వను ఏమనుకునేవాడు? అవ్వ చేతిలో పెరిగినదాన్ని, నాకు ఆ మాత్రం తట్టలేదు.

"ఎందుకు కట్ చేశావమ్మా?" అని ఫోన్లో కంపెనీ ఆయన అడిగాడు. పిల్ల నన్ను చూసింది. క్లాసంతా నన్నే చూసింది. చేసింది నేనని చెప్పడానికి నోరు తెరిస్తే చాలు. ఇంతమంది ముందు మేడం తప్పు చేసిందని నేనే ఒప్పుకోవాలా అనుకున్నాను.

"నా చెయ్యి తగిలింది సార్. తప్పు నాదే" అంది ఆ పిల్ల, నేను నేర్పిన ఇంగ్లీషులో. కస్టమర్ కాల్ మధ్యలో తెగితే ఉద్యోగంలోకి తీసుకోలేమని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశాడు. పిల్ల ఫోన్ సంచిలో వేసుకుని నోట్‌బుక్ తెరిచింది.

మూడు రోజులు గడిచాయి. ఆదివారం ఎమ్మిగనూరు బస్సెక్కాను. బస్సులోంచే కంపెనీ ఆయనకు ఫోన్ చేసి, కట్ చేసింది నేనని చెప్పాను. అంతా విని, నిన్ననే ఇంకొకరిని తీసుకున్నాం మేడం అన్నాడు. ఆ పిల్లకు మరోచోట ఉద్యోగం దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ వాళ్ళ నాయన ఆ కళ్ళతోనే నేశాడు.

ఆ ఆదివారం నేను పోయేసరికి ఆయన మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. పిల్ల నీళ్ళకు పోయింది.

"రాండమ్మా, ఈడ కూసోండి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "బిడ్డ సెప్పింది, చెయ్యి తగిలిందంట. దాన్ని ఏమీ అనొద్దమ్మా. అదే ఏడ్సి ఏడ్సి ఉండాది" అన్నాడు.

చెప్పేశాను. కట్ చేసింది నేనని, అడిగినప్పుడు నోరు మూసుకుని కూర్చున్నదీ నేనేనని. ఆయన మగ్గం ఆపాడు. తెగిన పోగొకటి వేళ్ళతో తడుముకుని అతికాడు. తిట్టినా బాగుండు అనుకున్నాను.

"మా బిడ్డకు అబద్ధమాడేది రాదనుకున్యానమ్మా" అన్నాడు చివరికి. "మీ కోసరం నేర్సుకున్యట్టుంది."