తెల్ల బెల్లానికి మళ్ళీ రంగొచ్చింది

నా చిన్నప్పుడు మా అనకాపల్లి మార్కెట్టులో బెల్లం కొనేవాళ్ళు రుచి చూసే ముందు రంగు చూసేవారు. దిమ్మ ఎంత తెల్లగా ఉంటే అంత మంచి ధర. అందుకని మాకవరపాలెం వైపు చెరకు పండించే మా మావయ్య, పెనంలో రసం మరుగుతుండగా హైడ్రోస్ అనే తెల్లటి పొడి చల్లేవాడు. ముదురు రంగులో ఉన్న పాకం చూస్తుండగానే లేత పసుపులోకి తిరిగేది. అదంతా మార్కెట్టుకి. ఇంటి కోసం మాత్రం ఏ పొడీ వెయ్యకుండా ఒక పెనం విడిగా వండేవారు. అది నల్లగా, మొరటుగా ఉండేది. దాన్ని ఇంటి బెల్లం అనేవారు. అమ్మేవారు కాదు, బయటివాళ్ళకి ఇచ్చేవారు కాదు. అలా ఎందుకో అడగాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఆ మావయ్య కొడుకే మా బావ. నా ఈడువాడు. మా ఇంట్లో ఉండి నాతోపాటు ఇంటర్ చదివేవాడు. పరీక్షల్లో అన్నీ గట్టెక్కి ఒక్క కెమిస్ట్రీ దగ్గర బోల్తా పడ్డాడు. మావయ్య కోపిష్ఠి కాడు గానీ, పొలంలో చేతులు చాలక సతమతమయ్యేవాడు. "సప్లిమెంటరీ కూడా పోయిందనుకో, పుస్తకాలు కట్టేసి గానుగకాడికి వచ్చీ" అని తేల్చేశాడు. బావకేమో వ్యవసాయ కాలేజీలో చేరాలని ఆశ. ఆ మాట తండ్రితో అనలేక నాతో అనేవాడు.

వాడికి నేర్పే పని నేను నెత్తికెత్తుకున్నాను. నాది బట్టీ చదువు. ఎలక్ట్రాన్లు పోతే ఆక్సీకరణం, వస్తే క్షయకరణం అని మంత్రంలా అప్పజెప్పేవాణ్ణి. బావ ఊరుకునేవాడా? "పోతే ఎక్కడికి పోతాయి బావా?" అని అడిగేవాడు. అది పుస్తకంలో లేదని నేను కసురుకునేవాణ్ణి. ఆ తర్వాత సేంద్రియ రసాయనం మొదలైతే మరీ ఘోరం. ఆల్డిహైడ్‌నీ కీటోన్‌నీ ఎలా గుర్తుపడతావన్న ప్రశ్న పాత పేపర్లన్నిటిలో ఉండేది. దాని జవాబు నేను చదువుతుంటే బావ కళ్ళు కిటికీలోంచి ఎటో వెళ్ళిపోయేవి.

మా పాట్లన్నీ గోడ అవతలి నుంచి పక్కింటి అక్క వింటూ ఉండేది. బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. భలే పెంకి మనిషి. ఏదైనా అడిగితే జవాబు చెప్పదు, తిరిగి ఇంకో ప్రశ్న వేస్తుంది. ఒక సాయంత్రం మా ఇద్దర్నీ వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టి, పాత ప్రశ్నపత్రాలు పక్కన పడేసి, బావ చేత మార్కెట్టు బెల్లం ఒక ముక్కా ఇంటి బెల్లం ఒక ముక్కా తెప్పించింది.

"హైడ్రోస్ ఏస్తే బెల్లం ఎందుకు తెల్లబడతాది?" అంది.

ఇందులో ఏముందని నేను వెంటనే చెప్పేశాను. మురికి పోతుంది కాబట్టి. మా ఊళ్ళో అందరూ అనుకునేది అదే. బావ కూడా తలూపాడు.

"ఐతే మీ నాన్న మంచిది ఊరికి అమ్మేసి, మురికిది మీకెడతన్నాడేటి?" అంది అక్క.

బావ ముఖం ఎర్రబడింది. మా నాన్న అలాంటోడు కాడని గొణిగాడు. రోజూ తినే బెల్లం గురించి అంత చిన్న ప్రశ్న నాకెందుకు రాలేదా అనిపించింది. అక్క మార్కెట్టు బెల్లాన్ని రోకలితో పగలగొట్టింది. ఎప్పుడో సీజనులో వండిన ముక్క అది. పైన గోధుమ రంగుకి తిరిగింది, లోపల ఇంకా లేత పసుపే. ఆ లోపలి పలుకుల్లో కొన్ని మూత బిగుతుగా ఉన్న గాజు సీసాలో కుక్కింది, కొన్ని కిటికీలో పళ్ళెం మీద పెట్టింది. ఇక వెళ్ళమంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం కాగానే పుస్తకాలు పారేసి కిటికీ దగ్గరకి పరుగెత్తేవాళ్ళం. చీమల్ని తోలడం మా వంతు. చూస్తుండగా పళ్ళెంలో ముక్కలు ముదురు రంగుకి తిరిగాయి. సీసాలోవి మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. బావ సీసానీ పళ్ళేన్నీ మార్చి మార్చి చూశాడు.

"అక్కా, మురికి పోయుంటే మల్లీ ఎక్కణ్ణించొచ్చింది? అంటే అసలు పోలేదు. రంగు లోపలే దాక్కుంది. గాలి తగిల్తే బయటికొచ్చింది."

అక్క ముఖం వెలిగిపోయింది. అప్పుడు చెప్పింది. రంగున్న పదార్థానికి హైడ్రోస్ ఎలక్ట్రాన్లు ఇస్తుంది. అవి పుచ్చుకుని అది రంగు మానుకుంటుంది, అదే క్షయకరణం. ఇచ్చిన హైడ్రోస్‌కి జరిగేది ఆక్సీకరణం. తర్వాత గాలిలోని ఆక్సిజన్ వచ్చి ఆ ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, రంగు తిరిగొస్తుంది. ఇచ్చేవాడు లేకుండా పుచ్చుకునేవాడు ఉండడు, అంతే సంగతి. ఇన్నాళ్ళూ నేను అప్పజెప్పిన మంత్రానికి అర్థం నాకూ అప్పుడే తెలిసింది. సిగ్గుకన్నా సంతోషమే ఎక్కువ వేసింది. మావయ్య ఇంటి కోసం ఒక పెనం విడిగా ఎందుకు వండేవాడో కూడా తెలిసింది, తనవాళ్ళ నోట్లోకి ఆ పొడి పోకూడదని.

ఆ తర్వాత అక్క మళ్ళీ ఆల్డిహైడ్ ప్రశ్న ముందు పెట్టి, ఈసారి నాకు నేర్పమని బావకి పురమాయించింది. పరీక్షనాళికలో వెండి అద్దంలా మెరిసే సిల్వర్ మిర్రర్ పరీక్ష అది. బావ పేపరు వంక కాసేపు చూసి, నెమ్మదిగా మొదలెట్టాడు.

"వెండి అయాన్లు పుచ్చుకుని వెండైపోతన్నాయి. ఇచ్చింది ఆల్డిహైడ్. అంటే మన హైడ్రోస్ పని ఇక్కడ అదే సేత్తంది. కీటోన్ అంత తేలిగ్గా ఇవ్వదు, అందుకే అద్దం రాదు. అవునా బావా?"

అవునన్నాను. అది మొదలు పరీక్షల దాకా మా చదువు అలాగే సాగింది. ఎవరికి తెలియదో వాళ్ళే ముందు మాట్లాడాలి, తెలిసినవాడు వినాలి. ఇది అక్క పెట్టిన షరతు. ఒక్కోసారి నాకు ఒళ్ళు మండేది, అయినా పాటించాను.

ఫలితాలొచ్చిన పొద్దున్న బావ పేపరు విప్పలేక నా చేతిలో పెట్టాడు. వాడి నంబరు కనబడగానే నేను వేసిన కేకకి వీధిలో జనం బయటికొచ్చారు. మార్కులు గొప్పవేం కావు, కానీ బావ ఎట్టకేలకు నోరు విప్పి అడిగితే, వ్యవసాయ కాలేజీకి దరఖాస్తు పెట్టుకోనివ్వడానికి మావయ్య ఒప్పుకున్నాడు. ఆ వారంలోనే టౌనుకొచ్చి, మా ఇంట్లోకి అడుగు పెట్టకుండా నేరుగా పక్కింటికి వెళ్ళాడు. గుడ్డలో చుట్టిన దిమ్మ అక్క చేతిలో పెట్టాడు.

"ఇది మార్కెట్టుది కాదమ్మా. మా ఇంటిది."

అక్క అక్కడే రోకలితో దిమ్మ పగలగొట్టి మాకందరికీ తలో ముక్కా పెట్టింది. లోపలా బయటా ఒకే రంగు. ఎప్పుడూ పెంకిగా ఉండే అక్క కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూడడం అదే మొదటిసారి.

ఇప్పుడు నా మనవరాలు ఫోనులో స్నేహితుల గ్రూపు పెట్టుకుని కెమిస్ట్రీ ప్రశ్నలు విప్పుతుంటుంది. చిక్కుపడితే నా దగ్గరకొస్తుంది. నేను జవాబు చెప్పను. మీలో ఎవరికి అసలు తెలియడం లేదో వాళ్ళని ముందు మాట్లాడనివ్వండి అంటాను. తాతయ్యా నీకు తెలీదులే అని వెక్కిరిస్తుంది. నవ్వుతూ లేచి వెళ్ళి, బావ ఏటేటా పంపే ఇంటి బెల్లం ఒక ముక్క పగలగొట్టి దాని చేతిలో పెడతాను.